ముందు తలుపు, వెనక తలుపు

ఉత్తరం రొట్టెల డబ్బాకి ఆనించి ఉంది. బెరిల్ స్టాథర్స్ దానికేసి చూడకుండా వల అల్లుతోంది.

వంటగది వెనక తలుపు చట్రానికి ఛాతీ ఎత్తులో ఒక ఇనప కొక్కెం ఉంది. వల మొదలు దానికి తగిలించి, కన్ను కొలతకు ఎడమచేతిలో చిన్న చెక్కపలక, కుడిచేతిలో నైలాన్ దారం చుట్టిన చెక్క సూది పట్టుకుని, నిలబడే అల్లుతుంది. సూది పలక మీదుగా దిగి, పై కన్నులో దూరి వస్తుంది. బొటనవేలు దారాన్ని అదిమి పట్టగానే చుట్టు తిరిగి ముడి పడుతుంది. లాగి బిగించినప్పుడల్లా కొక్కెం కిర్రుమంటుంది. పద్నాలుగో ఏట తల్లి దగ్గర నేర్చిన పని ఇది. అప్పట్లో స్కార్నెస్ రేవులో ఏ వీధిలో చూసినా ఆడవాళ్ళు తలుపుల దగ్గర నిలబడి పడవలకు వలలు అల్లేవాళ్ళు. ఇప్పుడా పడవలు లేవు. ఇది పిల్లల ఫుట్‌బాల్ మైదానంలో గోలుకు కట్టే వల. అరవై తొమ్మిదేళ్ళ మనిషికి దీని మీద వచ్చేది టీపొడి ఖర్చు, అది కూడా అద్దె సాయం కోసం కౌన్సిల్ వాళ్ళకిచ్చిన ఫారంలో రాసింది. ఆ ఫారం మొత్తంలో వెతికినా ఒక్క అబద్ధం దొరకదు. ఆమె ఆడిన ఒకే ఒక్క అబద్ధం నోటితో ఆడింది.

వెనక తలుపు తోసుకుని పక్కింటి డాట్ వచ్చింది. తలుపు కొట్టలేదు, పిలవలేదు. వంగి వల కిందనుంచి దూరి, తిన్నగా వెళ్ళి కుర్చీలో కూలబడింది.

"ఏమే, ఇంకా బతికే ఉన్నావా? రెండు రోజులుగా నీ అలికిడే లేదు."

"చావడానికి తీరికెక్కడిది? వచ్చే శనివారానికి వల ఇవ్వాలి."

డాట్ కళ్ళు రొట్టెల డబ్బా మీద పడ్డాయి. అడక్కుండానే ఉత్తరం తీసి పైకి చదవడం మొదలెట్టింది. "ఇంటి అద్దె సాయం కోసం మీరు చేసుకున్న దరఖాస్తును తిరస్కరించడమైనది. ఇంటి యజమాని మీ సొంత చెల్లెలు. మీ ఇద్దరి మధ్య ఉన్నది నిజమైన అద్దె ఒప్పందం కాదనీ, కుటుంబ సర్దుబాటు మాత్రమేననీ మేము భావిస్తున్నాము... ఇదేం పోయేకాలం? ప్రతి శుక్రవారం అద్దె కడతావుగా నువ్వు!"

"ఇంకా చదువు. కారణాలున్నాయి."

"ఒకటి. అధికారి మీ ఇంటికి వచ్చిన సమయంలో యజమాని తలుపు కొట్టకుండా, అనుమతి అడగకుండా వెనక తలుపు ద్వారా లోపలికి ప్రవేశించారు..." డాట్ ఉత్తరం దించి నోరు వెళ్ళబెట్టింది. "మరి ఎటునుంచి రావాలి? సొంతవాళ్ళెవరైనా ముందు తలుపు కొడతారా? అది డాక్టరుకీ, పోలీసుకీ, అద్దె వసూలుకొచ్చే వాడికీ కదా!"

"ఆ కుర్రాడికేం తెలుసు? ఎక్కడో దక్షిణాదినుంచి వచ్చాడు."

"రెండు. వెనక పడకగది పైకప్పు కారుతున్నది. మరమ్మతు చేయమని మీరు ఎన్నడూ యజమానిని కోరలేదు. మూడు. అద్దె కట్టలేకపోతే మీ చెల్లెలు మిమ్మల్ని ఖాళీ చేయిస్తారా అన్న ప్రశ్నకు మీరు 'చచ్చినా చేయించదు' అని జవాబిచ్చారు." డాట్ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చూసింది. "ఇలా చెప్పావుటే?"

"చెప్పాను."

"ఎందుకు చెప్పావు?"

బెరిల్ ముడి బిగించింది. "ముక్కూ మొహం తెలియని వాడు వచ్చి, నీ తోడబుట్టింది నిన్ను వీధిలోకి గెంటుతుందా అని అడిగితే నువ్వయితే ఏం చెప్తావు?"

డాట్ ఉత్తరం మడిచి, "నేనూ అదే చెప్తాను," అంది. "ఇంక గడువెంత?"

"మంగళవారం. కొత్త సాక్ష్యం ఏదైనా ఉంటే అప్పటిలోపల తీసుకురమ్మన్నారు."

"ఏముంది నీ దగ్గర సాక్ష్యం?"

"ఏమీ లేదు," అంది బెరిల్. లెక్కకు ఇది రెండో అబద్ధం. దీన్నీ నోటితోనే ఆడింది.

డాట్ వెళ్ళాక చేతులు తుడుచుకుని, మెట్ల కింద అరలోంచి బిస్కట్ల డబ్బా దించింది. అందులో పోయిన మొగుడు ఓడల్లో పనిచేసినప్పటి గుర్తింపు పుస్తకం, తల్లి ఉంగరం, వాటి అడుగున ఒక పొడుగు కవరు ఉన్నాయి. కిందటి ఏడాది చలికాలం మణికట్టు ఆపరేషనై రెండు నెలలు అద్దె ఆపినప్పుడు వచ్చిన కాగితం అది. రెండు నెలల్లో ఇల్లు ఖాళీ చేయవలెనని వకీలు చేత రాయించిన నోటీసు, కింద యజమాని సంతకం, ఎవ్రిల్ మెడ్‌ఫర్త్ అని. ఆ ఎ అక్షరం తోక అలా సాగదీసి రాయడం చిన్నప్పుడు తనే నేర్పింది. చేపల షెడ్డులో ఓవర్‌టైం చేసి బాకీ తీర్చేసింది బెరిల్. కాగితాన్ని మాత్రం ఎవరి కంటా పడనివ్వలేదు. ఇప్పుడు షెడ్డులో పని లేదు, దాచుకున్నదీ అడుగంటింది. అద్దె సాయం రాకపోతే వచ్చే నెలకు ఈ ఇల్లుండదు.

*

ఆదివారం మధ్యాహ్నం భోజనం ఎప్పటిలాగే ఎవ్రిల్ ఇంట్లో. చిన్న వాన పడుతోంది. బెరిల్ సందు చుట్టి వెళ్ళి, వెనక తలుపు తోసుకుని లోపలికెళ్ళి, చెప్పులు విప్పి, ఎవరూ చెప్పకుండానే బంగాళదుంపలు ఒలవడం మొదలెట్టింది.

ఎవ్రిల్ ఆమెకంటే ఆరేళ్ళు చిన్న. ముప్ఫయ్యేళ్ళు ఒక బట్టల కొట్లో లెక్కలు చూసింది. మొగుడు నార్మన్, తనూ కూడబెట్టిన డబ్బుకి బ్యాంకు అప్పు కలిపి రెండు ఇళ్ళు కొన్నారు. ఒకదాంట్లో వీళ్ళుంటారు, రెండోది బెరిల్‌కి అద్దెకిచ్చారు. ఎవ్రిల్ ఇంట్లో పింగాణీ పళ్ళేల మీద చిన్న గీత కూడా కనపడదు. బౌలింగ్ క్లబ్బుకి కార్యదర్శి, చర్చి పూల కమిటీలో మనిషి. ఊళ్ళో తన గురించి నలుగురూ ఏమనుకుంటున్నారో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు.

ముగ్గురూ బల్ల ముందు కూర్చున్నారు. ముందు పొంగిన పిండిరొట్టెలాంటి యార్క్‌షైర్ పుడ్డింగ్ గ్రేవీలో ముంచుకుని తిన్నారు. నార్మన్ లేచి మాంసం ముక్కలు కోస్తున్నాడు.

"మంగళవారం కౌన్సిల్ ఆఫీసుకెళ్తున్నా," అంది బెరిల్.

"వెళ్ళు. గట్టిగా అడుగు."

"నీ నోటీసు చూపిస్తా."

నార్మన్ చేతిలో కత్తి ఆగిపోయింది. ఎవ్రిల్ చెంచా పళ్ళెంలో పెట్టింది.

"ఏ నోటీసు?"

"నీకు తెలీదా? కిందటి చలికాలం నా ముందు తలుపుకున్న ఉత్తరాల సందులో వేసింది."

"అది దాచావా ఇంకా!" ఎవ్రిల్ మెడ మీద ఎర్రగా మచ్చలు పొడుచుకొచ్చాయి. "చూడు బెర్, ఆ ఆఫీసంటే ఏంటో తెలుసా నీకు? గదీ కాదు, గోడా కాదు. బల్ల ముందు నిలబడి మాట్లాడాలి, వెనక ఊరంతా కుర్చీల్లో కూర్చుని వింటుంది. మా క్లబ్బు మిసెస్ కట్స్ ప్రతి మంగళవారం అక్కడే తగలడుతుంది. క్లబ్బులో సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. ఎవ్రిల్ మెడ్‌ఫర్త్ ఆపరేషనయిన అక్కకి నోటీసిచ్చిందట అని!"

"ఇచ్చావుగా."

"ఇచ్చాను! బ్యాంకు నా పీక మీద కూర్చుంటే ఇవ్వక ఏం చెయ్యను? నిన్ను మాత్రం వీధిలో వదిలేస్తానా? మేడమీద చిన్నగది ఖాళీగా ఉంది. వచ్చి ఉండు. అద్దె వద్దు, ఫారాలొద్దు, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు."

"నీ కుట్టుమిషను పక్కన, నీ ఇస్త్రీ బల్ల కింద."

"అంత వెటకారమెందుకే?"

"వెటకారం కాదు. పొద్దున లేచి టీ పెట్టుకోవడానికి నీ వంటగదిలోకి రావాలంటే నీ మొహం చూడాలి. నీకిష్టమైన టీవీ చూడాలి. వల తగిలించుకోవడానికి కొక్కెం ఎక్కడ కొట్టుకోను, నీ పూల కాగితం గోడకా? నాకొక తలుపుంది ఎవ్రిల్. దానికి అద్దె కడుతున్నా. లోపలినుంచి గడియ పెట్టుకుంటా. అది పోయాక నేనేంటి, నీ ఇంట్లో పడున్న అక్కనా?"

"అయితే చూపించు!" ఎవ్రిల్ లేచి నిలబడింది. "చూపించు. చూపించాక వచ్చే ఆదివారం ఈ ఇంటికి భోజనానికి మాత్రం రాకు."

నార్మన్ మళ్ళీ మాంసం కోశాడు. బెరిల్ చేతి రుమాలు మడిచి పళ్ళెం పక్కన పెట్టింది. కోటు తొడుక్కుని, వానలో సందు చుట్టి తన ఇంటికి నడిచింది. నలభై ఏళ్ళలో మాంసం వడ్డించకముందే ఆ బల్ల దగ్గరనుంచి లేచిపోవడం ఇదే మొదటిసారి. ఇంటికొచ్చి రొట్టె కాల్చుకుని వెన్న రాసుకుని తింది. చెల్లెలి మీద ఒళ్ళు మండిపోతోంది. దాని గ్రేవీ వాసన ఇంకా కోటుకి అంటుకునే ఉంది, అందుకు ఇంకా మండింది.

సోమవారం రోజంతా వల అల్లింది. వెనక తలుపు తీసుకుని ఎవ్రిల్ రాలేదు. వెనక పడకగదిలో బకెట్లోకి చినుకులు పడుతూనే ఉన్నాయి. నాలుగేళ్ళుగా ఆ చప్పుడుకి అలవాటుపడింది. చెల్లెలిని అడిగితే ఏమనుకుంటుందోనని ఊరుకున్న మనిషి, ఆ రోజు బకెట్ ఖాళీ చేస్తూ ఇంకెన్నాళ్ళు ఊరుకోవాలి అనుకుంది.

*

మంగళవారం ముప్ఫై ఎనిమిదో నంబరు చీటీ దొరికింది. బిస్కట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది బెరిల్. రెండు వరసల ముందు మిసెస్ కట్స్ తెల్లజుట్టు కనపడింది. ఎవ్రిల్ చెప్పింది అక్షరాలా నిజం.

నంబరు పిలిచారు. బల్ల అవతల ఆ రోజు ఇంటికొచ్చిన కుర్రాడే, మిస్టర్ రెడ్‌ఫర్న్. జలుబు చేసినట్టుంది, ముక్కు ఎర్రగా ఉంది. చెడ్డవాడేం కాదు. కాగితంలో ఉన్న ప్రశ్న అడుగుతాడు, వచ్చిన జవాబు రాసుకుంటాడు.

"రండి మిసెస్ స్టాథర్స్. కొత్తగా ఏమైనా తెచ్చారా?"

"ముందు మీరు మళ్ళీ అడగండి."

"ఏమిటి?"

"ఆ రోజు అడిగారే, మా చెల్లెలు నన్ను ఖాళీ చేయిస్తుందా అని. మళ్ళీ అడగండి."

అతను ఇబ్బందిగా కాగితాలు సర్దాడు. "మీరు అద్దె కట్టలేకపోతే మీ చెల్లెలు మిమ్మల్ని ఖాళీ చేయిస్తారా?"

"చేయిస్తుంది." డబ్బా మూత తీసింది. అడుగునుంచి కవరు లాగింది. "ఒకసారి చేయించబోయింది. ఇదిగో."

కవరు బల్ల మీద పెట్టింది. రెడ్‌ఫర్న్ విప్పి చదివాడు, తేదీ చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు.

"ఇది ఇంటి పరిశీలన రోజున నాకెందుకు చూపించలేదు?"

"సిగ్గేసింది."

"అర్థమైంది. కానీ ఒక చిక్కుంది." అతను మాట తగ్గించాడు. "కొంతమంది కుటుంబంలో వాళ్ళు మాకోసమని ఇలాంటివి తర్వాత తయారు చేయించుకొస్తారు. మీరలా చేశారని కాదు. యజమాని తరఫునుంచి ధ్రువీకరణ కావాలి. ఆవిడ వస్తారా?"

"రాదు," అంది బెరిల్. "తను రాదు."

"నలభై మూడు," అని వెనకనుంచి గొంతు వినిపించింది. "నా నంబరు నలభై మూడు. మధ్యలో వస్తున్నందుకు ఎవరూ ఏమీ అనుకోకండి."

బెరిల్ వెనక్కి తిరిగింది. పెళ్ళిళ్ళకి వేసుకునే నీలం కోటు, ముత్యాల బొత్తాలు, చేతి తొడుగులు. ఎవ్రిల్ కుర్చీల మధ్యనుంచి నడిచి వస్తోంది. మిసెస్ కట్స్ పక్కనుంచి వెళ్తూ, "నమస్కారం మార్జరీ," అని కూడా అంది. బల్ల దగ్గరికొచ్చి అక్క పక్కన నిలబడింది గానీ అక్కవైపు చూడలేదు.

"నేను ఎవ్రిల్ మెడ్‌ఫర్త్‌ని. ఆ కాగితం నేనే పంపించాను. వకీలు రసీదు ఇదిగో. తేదీ కలుస్తుంది, చూసుకోండి."

రెడ్‌ఫర్న్ రసీదు చూశాడు. "అంటే మీరు నిజంగానే..."

"నిజంగానే." ఎవ్రిల్ గొంతు పెంచింది. కావాలనే పెంచిందని బెరిల్‌కి తెలుసు. చిన్నప్పుడు బళ్ళో కొట్టినప్పుడు కూడా ఏడవకుండా ఇలాగే గొంతు పెంచేది. "అద్దె కట్టకపోతే రేపైనా మళ్ళీ పంపిస్తాను. అక్కయినా సరే, అమ్మయినా సరే. ఇంటి మీద బ్యాంకు అప్పుంది, దాన్ని నేను కట్టాలి. రాసుకోండి. పెద్దక్షరాలతో రాసుకోండి."

వెనక కుర్చీల్లో గుసగుసలు ఆగిపోయాయి. రెడ్‌ఫర్న్ రాసుకున్నాడు.

"మరి ఆ రోజు మీరు తలుపు కొట్టకుండా వెనకనుంచి..."

"అది చెల్లెలు," అంది బెరిల్.

"అర్థం కాలేదు."

"శుక్రవారం అద్దెకొచ్చినప్పుడు ముందు తలుపు కొడుతుంది. మూడుసార్లు. నేను తీసేదాకా బయటే నిలబడుతుంది. అది ఇంటావిడ. వెనకనుంచి వచ్చేది నా చెల్లెలు. మీరొచ్చింది గురువారం."

"ఈ నోటీసు కూడా ముందు తలుపులోనే వేశాను," అంది ఎవ్రిల్. మొదటిసారి గొంతు తగ్గింది. "వేసి, సందు చుట్టి వెనకనుంచి లోపలికెళ్ళాను. అప్పటికే కాగితం చదివేసింది. చేతికి కట్టుంది. ఆ చేత్తోనే నాకు టీ పోసింది. ఇద్దరం వాన గురించి మాట్లాడుకున్నాం."

రెడ్‌ఫర్న్ కలం ఆపాడు. "నోటీసు గురించి ఏమీ అనలేదా మీరు?"

"ఇంటావిడ ఉత్తరం గురించి చెల్లెలితో ఏం మాట్లాడతాను?" అంది బెరిల్.

అతను ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చివరికి ముక్కు తుడుచుకుని, "ఇంక పైకప్పు ఒకటుంది," అన్నాడు. "నిజమైన అద్దెదారు అయితే మరమ్మతు అడుగుతారు కదా. మీరెప్పుడూ అడగలేదు."

"అడగలేదు," ఒప్పుకుంది బెరిల్. డబ్బా మూత బిగించి, "ఇంక అడుగుతాను," అంది.

ఎవ్రిల్ ఆ మాట విన్నట్టు లేదు. తొడుగులు సర్దుకుంటోంది.

బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. బస్సు రేవు దాటింది.

"మార్జరీ కట్స్ మొహం చూశావా?" అంది ఎవ్రిల్.

"చూశాను. ఎందుకొచ్చావు?"

"నార్మన్ ఆదివారంనుంచి నాతో మాట్లాడ్డం లేదు. మనిషి మామూలుగానే మాట్లాడడు, అయినా తేడా తెలుస్తోంది." కిటికీలోంచి బయటికి చూసింది. "అదీ కాక, నేను చేసిన పని నువ్వెందుకు దాచాలి? చేసింది నేను. చెప్పుకుంటే నేనే చెప్పుకోవాలి."

"నిజంగా వెళ్ళగొడతావా?"

"కొడతాను." ఎవ్రిల్ తడుముకోలేదు. "కొట్టి, నార్మన్ వ్యాను తీసుకొచ్చి, నీ సామానంతా నేనే మోసి మేడమీద గదిలో పెడతాను."

"నేను రాను."

"తెలుసు. సామానే ఉంటుంది అక్కడ."

బెరిల్‌కి నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. రెండూ ఆపుకుంది. అక్కచెల్లెళ్ళిద్దరికీ తల్లి నేర్పిన పనుల్లో అదొకటి. ఆఫీసులో అందరి ముందూ వెళ్ళగొడతానని అరిచిన నోరే అది. ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది, ఇంకా గుచ్చుకునే ఉంది. అయినా ఈ ఊళ్ళో తన కోసం పరువు బజారున పెట్టుకున్న మనిషి ఇంకొకరు లేరని కూడా ఆమెకు తెలుసు.

*

శుక్రవారం పొద్దున ఫోన్ మోగింది. రెడ్‌ఫర్న్ గొంతు ఇంకా జలుబుతోనే ఉంది. అద్దె ఒప్పందం నిజమైనదేనని ఒప్పుకున్నారనీ, సాయం మంజూరైందనీ, దరఖాస్తు చేసిన నాటినుంచి కలిపి ఇస్తారనీ చెప్పాడు. ఉత్తరం తర్వాత వస్తుందన్నాడు. బెరిల్ థాంక్స్ చెప్పి, ఫోన్ పెట్టేసి, కొక్కెం పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత బల్ల దగ్గర కూర్చుని ఒక గీతల కాగితం తీసి, గంటసేపు నింపాదిగా రాసింది.

నాలుగు గంటలకు ముందు తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి.

బెరిల్ ఆప్రాన్ విప్పి, జుట్టు సవరించుకుని వెళ్ళి తలుపు తీసింది. గుమ్మం బయట గొడుగు కింద ఎవ్రిల్, చేతిలో అద్దె పుస్తకం. బెరిల్ కవరు అందించింది. ఎవ్రిల్ సంతకం పెట్టి పుస్తకం తిరిగిచ్చింది. ఎప్పుడూ అక్కడితో అయిపోయేది. ఈసారి బెరిల్ తలుపు వెయ్యలేదు.

"ఇది కూడా తీసుకోండి మిసెస్ మెడ్‌ఫర్త్."

ఎవ్రిల్ గీతల కాగితం విప్పి చదివింది. వెనక పడకగది పైకప్పు నాలుగేళ్ళుగా కారుతున్నది. గోడకు నెమ్ము పట్టి కాగితం ఊడుతున్నది. వంటగది కిటికీ అద్దం పగిలి ఉన్నది. పద్నాలుగు రోజుల్లోపల బాగు చేయించనిచో కౌన్సిల్ ఇళ్ళ తనిఖీ విభాగానికి తెలియజేయగలను. ఇట్లు, అద్దెదారు, బి. స్టాథర్స్.

చదువుతున్నకొద్దీ మెడ మీద ఎర్రమచ్చలు పైకి పాకాయి. కాగితం వెనక్కి తిప్పి చూసింది.

"పద్నాలుగు రోజులా?"

"ఈరోజునుంచి. నకలు నా దగ్గరుంది."

"నీకు... మీకు..." ఎవ్రిల్ కాగితం మడిచి సంచీలో కుక్కింది. "పనివాణ్ణి పంపిస్తాను."

"సంతోషం," అని బెరిల్ తలుపు వేసి, లోపలినుంచి గడియ పెట్టింది.

వంటగదిలోకొచ్చి, ఆప్రాన్ మళ్ళీ కట్టుకుని, సూది అందుకుంది. ఆరు ముడులు వేసింది. ఏడోది బిగిస్తుండగా వెనక తలుపు భళ్ళున తెరుచుకుంది. ఎవ్రిల్ తడిసిన గొడుగు మూలకి విసిరేసి, వంగి వల కిందనుంచి దూరి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"బెర్, మా ఇంట్లో అద్దెకుండే ముసల్దాని పొగరు చూశావా?" అంది చేతులూపుతూ. "పద్నాలుగు రోజులట! కౌన్సిల్‌కి రాస్తుందట!"

"అవునా?" బెరిల్ స్టవ్ మీద కెటిల్ పెట్టింది. "మా ఇంటావిడ మాత్రం తక్కువ తిందా? కూర్చో, చెప్తాను."